వానలో పెడల్ మీద కాలు నిలవాలంటే

నేను డ్రైవింగ్ నేర్పుతాను. మా ట్రైనింగ్ కారులో, డ్రైవరు పక్కనుండే నా సీటు ముందు కూడా రెండు పెడళ్లు ఉంటాయి. ఒకటి క్లచ్, ఒకటి బ్రేకు. డ్రైవింగ్ స్కూలు కారుకు ఇలా నేర్పేవాళ్ల వైపు కూడా పెడళ్లుండే డ్యూయల్ కంట్రోల్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. డ్రైవరు వైపు పెడళ్లకు కంపెనీవాళ్లు రబ్బరు తొడిగి ఇస్తారు. నా వైపువి కంపెనీ నుంచి వచ్చినవి కావు. వెల్డింగు షాపులో కోసి అతికించిన ఇనప పలకలు, పైన నల్ల పెయింటు, అంతే. ఆరేళ్లు వాటితోనే విశాఖపట్నం అంతా తిరిగి ఎంతోమందికి బండి నేర్పాను. ఆ పలకల సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఒక అక్టోబరు సాయంత్రం ఆలోచించాల్సి వచ్చింది. మాకు అక్టోబరంటే వాయుగుండాల నెల. 2014లో హుద్‌హుద్ వచ్చిందీ అక్టోబరులోనే. ఆ రోజు తుపాను లేదు గానీ మధ్యాహ్నం నుంచీ ముసురు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి స్టీరింగు దగ్గరుంది, నేర్చుకోవడం మొదలుపెట్టి మూడో వారం. హనుమంతవాక దాటి ఇసుకతోట వైపు వస్తున్నాం, వేగం 30 ఉంటుంది. ఎవరో చెయ్యెత్తితే ముందున్న ఆటో ఉన్నపళాన ఆగిపోయింది. అమ్మాయి బిగుసుకుపోయింది. నేను నా బ్రేకు మీద కాలేశాను. కాలు పడింది, నిలవలేదు. తడిసిన చెప్పు పలక మీంచి పక్కకి జారిపోయి మ్యాట్‌కి కొట్టుకుంది. మళ్లీ ఎత్తి తొక్కితే అప్పుడు ఆగింది బండి. ఆటోకీ మాకూ మధ్య మూరెడు జాగా మిగిలింది.

30 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 8 మీటర్లకు పైగా పోతుంది. కాలు జారి తిరిగి పడటానికి అర సెకను పట్టిందనుకున్నా 4 మీటర్లు అప్పనంగా పోయినట్టే. అదే 60లో ఉంటే 8 మీటర్లు, మా చిన్న కారు రెండు పొడవులు దాటుతుంది. బ్రేకు ఎంత మంచిదైనా, టైర్లు ఎంత కొత్తవైనా, ఆ 8 మీటర్లలో వాటికి పనే లేదు. కాలు పెడల్ మీద ఉంటేనే కదా వాటి పని మొదలయ్యేది.

ఆ రాత్రి టార్చి వేసి చూశాను. పలక అంచుల్లో నల్ల పెయింటు అలాగే ఉంది. నడుమ, నా చెప్పు పడే చోట మాత్రం పెయింటు పూర్తిగా పోయి ఇనుము అద్దంలా మెరుస్తోంది. ఆరేళ్లుగా నా చెప్పే దాన్ని రోజూ నునుపు చేస్తూ వచ్చింది. వేలు తడి చేసి రాస్తే సబ్బు మీద రాసినట్టు పోయింది. పొడి వేలితో రాస్తే పట్టు బాగానే ఉంది. నన్ను అన్నేళ్లు మోసం చేసింది ఆ పొడి పట్టే. అప్పటి నుంచి నా దగ్గరికి సొంత కారుతో వచ్చేవాళ్ల పెడళ్లు ముందు చూస్తాను, తర్వాతే స్టీరింగు. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాను, ముఖ్యంగా షాపులో పెడళ్లకి మెరిసే అల్యూమినియం కవర్లు వేయించుకున్నవాళ్ల కోసం.

జారడం ఎందుకు జరుగుతుందో ముందు తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది. చెప్పు అడుగుకీ పెడల్‌కీ మధ్య నీళ్లు చేరితే ఆ నీళ్లకు పోయే దారి కావాలి. దారి లేకపోతే పలచటి పొరలా మధ్యలో ఉండిపోతాయి, మీరు తొక్కేది పెడల్‌ని కాదు, ఆ పొరని. కంపెనీ రబ్బరు ప్యాడ్ మీద గీతలు, గాడులు ఎందుకున్నాయంటే అందుకే. నీళ్లు గాడుల్లోకి పోతాయి, గట్లు చెప్పుని పట్టుకుంటాయి. పైగా రబ్బరు మెత్తన, చెప్పు అడుగు ఎలా ఉంటే అలా కాస్త ఒదుగుతుంది. ఇనుము, అల్యూమినియం ఒదగవు. అందుకని లోహపు పెడల్‌కి పట్టంతా దాని మీది గట్లు, రంధ్రాలు, రబ్బరు బొడిపెల నుంచే రావాలి. అవి లేకపోయినా, అరిగిపోయినా మిగిలేది తడి గచ్చే.

ఇంకో సంగతి, కారులోకి వచ్చేది మంచినీళ్లు కాదు. మొదటి వానకి రోడ్డు మీద దుమ్ము, బళ్ల నుంచి కారిన ఆయిలు, టైర్ల నుంచి రాలిన నలుసు అన్నీ కలిసి జిడ్డు జావ అవుతాయి. పెట్రోలు బంకులో దిగి డీజిలు మరక తొక్కి వచ్చారంటే ఆ చెప్పు తుడిచే దాకా ప్రమాదమే. రుషికొండలోనో భీమిలిలోనో బీచికి వెళ్లి తడి కాళ్లతో ఎక్కితే ఇసుక వస్తుంది. ఇసుక రేణువులు అరికాలి కింద గోళీల్లా దొర్లుతాయి, రబ్బరునీ కోస్తాయి.

ఇప్పుడు మీ కారు పరీక్ష. తడిలోనే చేయాలి, పొడిలో చేస్తే ఏ పెడలైనా పాసవుతుంది.

సమంగా ఉన్న చోట కారు ఆపి, ఇంజను కట్టేసి, న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయండి. చక్రం కింద రాయి పెడితే ఇంకా మంచిది. మీరు రోజూ ఏ చెప్పులతో నడుపుతారో అవే వేసుకోండి, కొత్త షూ వద్దు. ఒక బకెట్లో నీళ్లు పోసి గుప్పెడు రోడ్డు మట్టి కలపండి. అందులో రెండు అడుగులూ తడిపి, తుడవకుండా కూర్చుని బ్రేకు రెండు మూడుసార్లు తొక్కండి. ఇంజను ఆగి ఉంది కాబట్టి కాసేపటికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అది లోపం కాదు, బ్రేకుకి ఇంజను ఇచ్చే సాయం అయిపోయిందన్నమాట. మనకి కావాల్సిందీ అదే. ఇప్పుడు నిజంగా ఎదురుగా పిల్లాడు పరిగెత్తుకొచ్చాడనుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కండి. ఆ బలం తగ్గించకుండా పాదాన్ని ఎడమకి, కుడికి, పైకి తోసి చూడండి. పాదం కదలకూడదు. కొంచెం కదిలి ఆగితే ఆ పెడల్ మీద అనుమానం పెట్టుకోండి. ఒక్కసారి జారిపోయినా ఆ పెడల్‌తో వానలో బయటికి వెళ్లొద్దు.

క్లచ్ కూడా వదలకండి. పూర్తిగా లోపలికి తొక్కి, ఇరవై లెక్కపెట్టి, చాలా నెమ్మదిగా వదలండి. సగం దాకా వచ్చేసరికి పాదం కోణం మారుతుంది, జారేది సరిగ్గా అక్కడే. నా అనుభవంలో కొత్తగా నేర్చుకునేవాళ్లకి బ్రేకు మీద కన్నా క్లచ్ మీదే ఎక్కువసార్లు కాలు జారుతుంది. ఫస్టు గేరులో క్లచ్ మీంచి కాలు జారితే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోతుంది. ఆ గెంతుకి ముందు మనిషి లేకపోతే సరే. ఆటోమేటిక్ కారువాళ్లు మాకు క్లచ్ లేదు కదా అనుకోవద్దు. ముందుకు నడిపే డీ గేరులో ఉన్న బండికి బ్రేకు మీంచి కాలు జారితే అది తనంతట తానే ముందుకు పాకుతుంది.

పరీక్షలో కాలు జారిందా? అయితే కారణం పెడల్ కావచ్చు, చెప్పు కావచ్చు, మడమ కింద మ్యాట్ కావచ్చు. ఒక్కోటీ చూద్దాం.

కంపెనీ రబ్బరే ఉంటే వేలు పెట్టి గాడులు తడమండి. క్లచ్ ప్యాడ్ ఎడమ మూల, బ్రేకు ప్యాడ్ కుడి అంచు ముందు అరుగుతాయి. ఎక్కడైనా గాడి చదునైపోయినా, అంచు చిరిగి కింద ఇనుము కనబడినా మార్చేయండి. ఖరీదు ఏమంత ఉండదు, పాతది వేళ్లతో లాగి కొత్తది తొడగడమే. రబ్బరు గట్టిగా ఉంటే కాసేపు వేడినీళ్లలో వేసి తీస్తే మెత్తబడి సులువుగా ఎక్కుతుంది. నాలుగు అంచులూ పెడల్ పలక వెనక్కి పూర్తిగా దిగాయో లేదో చేతితో తడిమి చూడండి. ఒక్క మూల దిగకపోయినా వానలో అదే ముందు ఊడుతుంది. నా దగ్గర నేర్చుకుని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న అమ్మాయి చెప్పింది: బ్రిటన్‌లో ఎంఓటీ అని కార్లకు ఏటా ఒక తనిఖీ ఉంటుంది. అందులో బ్రేకు పెడల్ మీద జారకుండా ఉండే ఏర్పాటు లేకపోయినా, వదులైనా, నున్నగా అరిగిపోయినా కారు ఫెయిలేనట. నాకు అది విని చాలా సంతోషమేసింది. ఇంత చిన్న రబ్బరు ముక్కకి ఇవ్వాల్సిన విలువ ఇచ్చారు.

నా పలకల సంగతికొస్తాను. మర్నాడు వెల్డింగు షాపుకి తీసుకెళ్తే అక్కడి బాబాయి "చెకర్ ప్లేటు వేసేస్తానమ్మా, మెట్లకి వేస్తాం కదా, జారదు" అన్నాడు. వేయించాను. మొదట బాగానే ఉంది. కానీ చెకర్ ప్లేటు మీది గట్లు దూరం దూరంగా ఉంటాయి. మెట్టు మీద మొత్తం పాదం పడుతుంది, పెడల్ మీద ముందు పాదం మాత్రమే పడుతుంది, దాని కిందికి వచ్చేది మూడో నాలుగో గట్లు. మట్టి ఎక్కాక అవీ పనిచేయలేదు. ఆ తర్వాత పలక మీద అడ్డంగా వెల్డింగు గీతలు పెట్టాడు. అవి చెప్పుని బాగా పట్టుకున్నాయి, ఎంతలా అంటే పక్కకి తీయాలంటే చెప్పు వాటికి చిక్కుకునేది. పెడల్ మీంచి కాలు సులువుగా పైకి లేవకపోవడం కూడా ప్రమాదమే.

చివరికి కుదిరినది చాలా మామూలు ఉపాయం. మా కారు మోడల్‌కే వచ్చే బ్రేకు ప్యాడ్ రబ్బరు ఒకటి కొని, బాబాయికిచ్చి, "ఈ రబ్బరు సరిగ్గా తొడిగేలా పలక కోసిపెట్టు" అన్నాను. అంచులు గుండ్రంగా నూరి ఇచ్చాడు. ఇప్పుడు నా రెండు పెడళ్లకీ కంపెనీ రబ్బరే ఉంది. అరిగితే మార్చుకుంటాను. డ్యూయల్ కంట్రోల్ పెట్టించుకునే స్కూలువాళ్లందరికీ నేను చెప్పేది ఇదే: పలక కొలత మీకు తోచినట్టు కాకుండా, బజారులో దొరికే రబ్బరు కొలతకి కోయించండి.

ఆ పలక తయారయ్యే పది రోజులూ మెట్లకి అంటించే గరుకు టేపు వాడాను. తాత్కాలికంగా అయితే అది మంచిదే, కానీ అంటించే పద్ధతుంది. పలకని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిటుతో తుడవండి. టేపు మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి, చతురస్రపు మూల తప్పక లేస్తుంది. అంటించాక గుడ్డతో గట్టిగా రుద్ది ఒక రాత్రంతా వదిలేయండి. వాన మొదలయ్యాక రోజూ అంచు గోటితో గీకి చూడండి. లేస్తోందనిపిస్తే పీకేసి కొత్తది వేయాలి, సగం లేచిన టేపు చెప్పుకి అంటుకుని పెడల్‌తో పాటు కాలుని పట్టుకుంటుంది. గరుకు కాగితం ఫెవిక్విక్‌తో అంటించినవాళ్లని చూశాను, అది తడికి నాని ఊడిపోతుంది, చేయకండి.

ఇక అల్యూమినియం కవర్లు. వీటి గురించే నన్ను ఎక్కువమంది అడుగుతారు. కొన్ని కార్లకు కంపెనీ నుంచే లోహపు పెడళ్లు వస్తాయి, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ లాంటివాటికి. వాటిని బజారు కవర్లతో కలపకండి. కంపెనీవాటిలో లోహంలోంచి రబ్బరు బొడిపెలు పైకి లేచి ఉంటాయి, చెప్పుకి ముందు తగిలేది రబ్బరు. చూడ్డానికి లోహం, పట్టుకునేది రబ్బరు. ఇలాంటి పెడళ్లున్న ఒక కారు మీద పైన చెప్పిన మట్టినీళ్ల పరీక్ష చేశాను, కదల్లేదు. కానీ ఆ బొడిపెలు లోహంతో సమానంగా అరిగే రోజు వస్తుంది. పెడల్ మీద గోరు అడ్డంగా గీసుకుంటూ వెళ్లండి. ప్రతి బొడిపె దగ్గరా గోరు ఆగి ఎక్కాలి. ఆగకుండా సాఫీగా పోయిందంటే ఆ పెడల్ అయిపోయినట్టే.

బజారు కవర్లకీ గోటి పరీక్ష అదే. చాలావాటిలో రబ్బరు లోహం కన్నా కిందికే ఉంటుంది, అంటే అది రంగు కోసం పెట్టింది. కొన్నిటిలో బొడిపెలు వెనక నుంచి గుచ్చి ఉంటాయి, వేలితో నొక్కితే లోపలికి పోతాయి. అవి నాలుగు వానలకి ఒక్కొక్కటే రాలిపోతాయి. రంధ్రాలున్న రకం కొంత నయం, నీళ్లకి దారి ఉంటుంది, రంధ్రపు అంచు పట్టుకుంటుంది. నల్లరేగడి నేలల వైపు తిరిగేవాళ్లకి అదీ పనిచేయదు, ఆ బంక రంధ్రాల్లో కూరుకుపోయి గట్టిపడుతుంది.

బిగించే తీరు మరీ ముఖ్యం. ఎక్కువగా అమ్మేది కొక్కేలతో వెనక నుంచి పట్టే రకం. షాపువాళ్లు దాన్ని ఉన్న రబ్బరు ప్యాడ్ మీదే బిగించేస్తారు, రెండు నిమిషాల పని. ఇది చాలా తప్పు. కింద మెత్తటి రబ్బరు ఉన్నంతకాలం నట్టు ఎంత తిప్పినా బిగుసుకోదు. రోజూ తొక్కుడికి రబ్బరు నలిగి, కవరు వదులై, ఒక రోజు చక్రంలా తిరుగుతుంది. రెండో రకం జిగురుతో అంటించేది. మా విశాఖ ఎండకి ఆగిన కారు లోపల ఆ జిగురు పాకం అవుతుంది, వానాకాలం చెమ్మకి ఊడుతుంది. మూడోది పెడల్‌కి కన్నాలు వేసి బోల్టులు పెట్టేది. బిగుతు దీనిదే, కానీ బ్రేకు పెడల్‌కి డ్రిల్లు పెట్టడానికి నేను ఎవరికీ సలహా ఇవ్వను. చాలా కొత్త కార్లలో యాక్సిలరేటర్ పెడల్ ప్లాస్టిక్‌ది, దానికి కన్నం వేస్తే పగులుతుంది.

ఇప్పటికే వేయించేశారా? అయితే ఇవి చూడండి. కవరు రెండు అంచులూ చేతులతో పట్టుకుని మెలితిప్పండి, వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదిలితే విప్పించేయండి, బిగిస్తే సరిపోతుందని ఊరుకోవద్దు. తర్వాత మీ దగ్గరున్న వెడల్పాటి షూ వేసుకుని బ్రేకు పూర్తిగా తొక్కండి, షూ అంచు యాక్సిలరేటర్ కవరుకి తగలకూడదు. కవర్ల మందం వల్ల పెడళ్ల మధ్య జాగా తగ్గుతుంది, ఎత్తులూ మారతాయి, ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. యాక్సిలరేటర్‌ని చేత్తో అడుగు దాకా నొక్కి వదలండి: కవరు కింది అంచు మ్యాట్‌కి తగలకుండా, తనంతట తాను టక్కున పైకి రావాలి. ఇదంతా ఇంజను ఆపే చేయాలి.

నట్లు సంగతి. లోపల నైలాను రింగు ఉండే నైలాక్ నట్లు వేయించండి, మామూలు నట్టు అదురుకి వదులవుతుంది. బిగించాక నట్టు మీంచి పలక మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. నెలకోసారి టార్చి వేసి చూడండి. గీత ఒకే వరసలో ఉంటే నట్టు కదల్లేదు, విడిపోయి ఉంటే కదిలింది. ఇది మా వెల్డింగు బాబాయి దగ్గర నేర్చుకున్నదే, ఆయన పెయింటు వాడతాడు, నేను నెయిల్ పాలిష్ వాడతాను.

సముద్రం పక్క ఊళ్లవాళ్లకి ఇంకొకటి. అల్యూమినియం కవరు, ఇనప కొక్కెం, ఉప్పు చెమ్మ, మూడూ కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తాయి. కొక్కెం తగిలే చోట తెల్లటి పొడి కనబడితే అదే. పైకి మెరుస్తూనే ఉంటుంది, పట్టుకున్న చోట పిండైపోతుంది.

నన్నడిగితే మాత్రం బజారు కవర్లు తీసేయమనే అంటాను. ఒకావిడ బాధపడింది: "మేడమ్, మా తమ్ముడు సరదాపడి కొనిచ్చాడు, తీసేస్తే చిన్నబుచ్చుకుంటాడు." క్లచ్‌కి ఎడమ పక్క కాలు ఆనించుకునే డెడ్ పెడల్ ఉంటుంది కదా, ఆ సెట్టులో దానికీ ఒక కవరు వస్తుంది. అది ఉంచి మిగతా మూడూ తీయించాను. డెడ్ పెడల్ దేన్నీ నడపదు, అక్కడ కాలు జారినా బండికి తేడా రాదు. తమ్ముడు చూసి సంతోషించాడట.

కాళ్ల సంగతి ఇప్పుడు. హవాయి చెప్పులతో నడపొద్దని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. తడిసిన హవాయి చెప్పులో ముందు పాదమే జారుతుంది: పెడల్ మీద చెప్పు నిలిచినా చెప్పు మీద మీ పాదం నిలవదు. పైగా వెనక కట్టు ఉండదు కాబట్టి ముందుకు మడతపడి పెడల్ కిందికి దూరుతుంది. తోలు అడుగున్న షూ నీళ్లలో నానితే నున్నగా తయారవుతుంది. మందపాటి మెత్తటి ఫోము చెప్పుల్లో పెడల్ ఎక్కడుందో పాదానికి తెలియదు. పలచటి రబ్బరు అడుగు, అడ్డ గీతలు, వెనక కట్టు ఉన్నవి ఏవైనా మంచివే.

అరకు వెళ్లేవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. కటికి జలపాతం దగ్గర తడిసి, చెప్పులు డిక్కీలో పడేసి, ఉత్తికాళ్లతో అనంతగిరి ఘాట్ దిగడం చాలామందికి అలవాటు. తడి అరికాలికి లోహపు పెడల్ మీద పట్టు తక్కువ, గట్టిగా తొక్కితే నొప్పి పుట్టి బలం సగానికి తగ్గిస్తాం. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుతో పని ఎక్కువ. ఒక పొడి జత కారులో ఉంచుకోండి. డ్రైవరు సీటు కింద మాత్రం కాదు, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారి పెడల్ కిందికి వస్తాయి. నీళ్ల సీసా కూడా అంతే.

ఎక్కే పద్ధతి: తలుపు తీసి, పక్కకి తిరిగి కూర్చుని, కాళ్లు బయటే ఉంచండి. రెండు చెప్పులూ ఒకదానికొకటి టపటపా కొట్టి, గోనెపట్టా ముక్కతో అడుగులు తుడిచి, అప్పుడు లోపలికి తిప్పండి. గోనె నీళ్లు పీలుస్తుంది, మట్టీ గీకుతుంది. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చెళ్లు మడమ కిందికి రాకుండా కాస్త పైకి దోపుకోండి. తడి అంచు మీద మడమ పెడితే పాదం మొత్తం కొట్టుకుపోతుంది.

మడమ అన్నాను కదా, అసలు పునాది అదే. పాదం ముందు భాగం పెడల్ మీద, మడమ నేల మీద, రెండూ నిలిస్తేనే పట్టు. ఇప్పుడు అందరూ వేయిస్తున్న 7డీ మ్యాట్ల మీద తోలులాంటి నున్నటి పూత ఉంటుంది, తడిస్తే మడమ నిలవదు. డ్రైవరు వైపు దాని మీద వేసే, నూడుల్స్ చుట్టలా ఉండే నూడుల్ మ్యాట్ ముక్క ఉంటే కొంత మేలు, అదీ కిందికి గట్టిగా పట్టి ఉండాలి. అలా పట్టి ఉండే ముక్క తప్ప మ్యాట్ మీద విడిగా ఇంకో మ్యాట్ వేయకండి, కొక్కెం తగిలించకుండా వదలకండి. 2009లో అమెరికాలో మ్యాట్ యాక్సిలరేటర్‌ని పట్టేస్తోందని టొయోటా దాదాపు 38 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. సర్వీసుకిచ్చినప్పుడు వేసే కాగితం మ్యాట్ ఇంటికి రాగానే తీసేయండి, తడిస్తే అది నానిన అరిటాకులా కాలికి చుట్టుకుంటుంది.

కారు కడిగే కుర్రాళ్లకి ముందే చెప్పండి: "తమ్ముడూ, పెడళ్లకీ మ్యాట్లకీ పాలిష్ పూయొద్దు." డ్యాష్‌బోర్డు పాలిష్‌లో చాలావాటికి సిలికోను ఉంటుంది, పెడల్ నల్లగా నిగనిగలాడుతుంది, ఆ రోజే వాన పడితే నూనె పూసినట్టే. మంచి మనసుతోనే పూస్తారు, మనమే చెప్పాలి. పూసేసి ఉంటే గిన్నెలు తోమే సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్షుతో రెండుసార్లు కడిగి గుడ్డతో ఆరబెట్టండి. రబ్బరుకి పెట్రోలు, కిరోసిను వాడొద్దు, ఉబ్బి మెత్తబడి పాడవుతుంది.

ఇన్ని చేశాక కూడా నడుస్తుండగా కాలు జారితే ఏం చేయాలో శరీరానికి అలవాటు కావాలి. కిందికి చూడకండి. చూస్తే ఆ సెకను రోడ్డు పోతుంది. జారిన చోటు నుంచే వేళ్లతో పెడల్‌ని వెతకొద్దు, కాలు పూర్తిగా ఎత్తి, మడమ నేలకి ఆనించి, పెడల్ నడిమధ్యకి మళ్లీ వేయండి. రెండోసారీ జారితే హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగండి, ఒక్కసారిగా లాగితే తడి రోడ్డు మీద వెనక చక్రాలు పక్కకి పోతాయి. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కాలి కింద టకటకా అదిరితే అది జారడం కాదు, చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోంది. భయపడి కాలు తీయకండి, అలాగే తొక్కిపట్టండి. నీళ్ల గుంట దాటాక కాలు నిలిచినా బండి ఆగడం మందగించిందంటే బ్రేకులు తడిశాయి. వెనక ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు తేలిగ్గా తొక్కితే ఆరతాయి.

కాలు ఎత్తి నడిమధ్యకి వేయడం మా స్కూల్లో ఇలా నేర్పుతాను. కారు ఆపి ఉంచి, ఇంజను కట్టేసి, చెప్పులు తడిపించి, చూపు ఎదురుగా ఉన్న చెట్టు మీద పెట్టమంటాను. నేను "జారింది" అనగానే కాలు ఎత్తి, మడమ ఆనించి, తొక్కాలి. ఇరవైసార్లు. మొదటి ఐదు సార్లూ దాదాపు అందరూ కిందికి చూస్తారు. పదిహేనోసారికి చూపు చెట్టు మీద నిలుస్తుంది. ఆ తర్వాతే వానలో రోడ్డు మీదికి తీసుకెళ్తాను.